దాలమ్మ కుట్టిన పొగ

నేను ఒక బొంతను. పాత చీరల్ని ఒకదాని మీద ఒకటి పరిచి, అంచుల నుంచి లోపలికి దగ్గరదగ్గరగా కుట్లు వేసుకుంటూ పోతే చివరికి మిగిలేది నేను. పడి ఉండడం తప్ప నాకు వేరే పని లేదు. రోజంతా పడి ఉండేవాళ్ళకు ఆలోచనలు ఎక్కువ. మనుషుల్లో అలాంటివాళ్ళను రోగులనో సోమరులనో అంటారు. నన్ను మాత్రం పనికొచ్చే వస్తువు అంటారు.

నేను పుట్టింది ఉద్దానంలో, జీడితోటల మధ్య, సముద్రపు హోరు వినబడే ఒక ఊళ్ళో. కుట్టిన మనిషి పేరు దాలమ్మ. జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. ఆ పిక్కల నూనెకు ఆమె వేళ్ళు నల్లబడి, కొసల్లో తోలు లేచిపోయి ఉండేవి. భర్త పోయాక మిగిలింది ఒక్క కూతురు, సుగుణ. పని లేని మధ్యాహ్నాల్లో దాలమ్మ అరుగు మీద నన్ను పరుచుకుని, నా మీదే కూర్చుని, నన్ను కుట్టేది. సూది కంటే ముందు చుట్ట వెలిగించేది.

ఆమె చుట్ట తాగే తీరు కొత్తవాళ్ళు చూస్తే భయపడతారు. ఆ వైపు చాలామంది ఆడవాళ్ళలాగే దాలమ్మ కూడా నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకునేది. చల్లటి కొస బయట ఉండేది. అడ్డపొగ అంటారు దాన్ని. పెదవులు మూసుకునే ఉంటాయి, లోపల నిప్పు కాలుతూనే ఉంటుంది. చూసేవాళ్ళకు మనిషి మౌనంగా కూర్చున్నట్టే ఉంటుంది.

"ఎందుకే అమ్మా, నిప్పు లోపలెట్టుకుంటావు? నాలిక కాలదా?" అని చిన్నప్పుడు సుగుణ అడిగింది.

దాలమ్మ నిప్పును నాలుకతో ఒక దవడకు నెట్టి, పెదవులు సగం మాత్రమే విప్పి చెప్పింది. "బయటెడితే గాలికి ఆరిపోతాదే. సేతుల్నిండా పనున్నోలకి మాటిమాటికీ అంటించుకోడానికి తీరికేదీ?"

పక్కింటి నరసమ్మ దడి మీది నుంచి తొంగి చూసేది. "ఒలే దాలమ్మా, బొంత కుడతన్నావా, బొంతకి పొగెడతన్నావా?"

"పొగెడితే పురుగట్టదే. నీ ఇంట్లో నల్లులు నా బొంతలోకి రాకుండా."

"నా ఇంట్లో నల్లులకి సిగ్గుందిలే. నీ కంపుకి అవే రావు."

ఇద్దరూ నవ్వేవాళ్ళు. దాలమ్మ నవ్వితే ముక్కులోంచి పొగ వచ్చేది. ఆ పొగ చీరకూ చీరకూ మధ్య దూరేది. అది బయటకు వెళ్ళే లోపే కుట్టు పడేది. నన్ను కుట్టడమంటే ఒక విధంగా పొగను కుట్టడమే. నాకు పుట్టుకతో లోపల అంటూ ఏదైనా ఉంటే అది ఆ పొగే.

సుగుణ నా మీద పెరిగింది. చీకటికి భయపడ్డ పిల్ల ముఖం నాలో దాచుకునేది. మనుషులు పెద్దయ్యాక భయాల్ని మర్చిపోతారు, భయం తీరిన చోటును మర్చిపోరు.

సుగుణకు మేనమామ కొడుకు సింహాచలంతో పెళ్ళయింది. విశాఖపట్నంలో నీళ్ళ మోటార్లు బాగుచేసే పని అతనిది. బీడీ గాని, చుట్ట గాని ముట్టనివాడు. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు. వాళ్ళకు లిఖిత పుట్టి, ఆ పిల్లకు నడక వచ్చే రోజుల్లో దాలమ్మకు జబ్బు చేసింది. అన్నం కారంగా ఉందని, చూడవచ్చిన కూతుర్ని తిట్టడంతో అది మొదలైంది. కారం వెయ్యని గంజి కూడా కారంగానే ఉందంది. పెద్దాసుపత్రిలో నోరు తెరిపించి చూశారు. అంగిట్లో పుండు. నిప్పు ఇన్నేళ్ళూ ఎక్కడ కాలిందో సరిగ్గా అక్కడే.

దాలమ్మ నా మీదే పడుకుని, నా మీదే పోయింది.

పోయినవాళ్ళ పక్కబట్టలు ఇంట్లో ఉంచుకోకూడదని ఆ ఊరి కట్టుబాటు. ఊరి బయట పారేసి వెనక్కి చూడకుండా రావాలి. ఆడవాళ్ళు నన్ను చుట్టి పక్కన పెట్టారు. సుగుణ వెళ్ళి నన్ను ఎత్తుకుంది.

"సచ్చినోల పక్కగుడ్డ ఇంటికి ఎత్తుకెల్తావేటే? పసిగుంట ఉన్న ఇల్లు," అంది నరసమ్మ.

"అమ్మ దీని మీద పడుకోలేదు పిన్నీ. ఇది పైన అటక మీదుండేది," అంది సుగుణ.

అందరికీ అది అబద్ధమని తెలుసు. పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఏడుస్తున్న మనిషి చెప్పే అబద్ధానికి ఊళ్ళో గౌరవం ఉంటుంది.

బస్సులో మమ్మల్ని ముగ్గురు కూర్చునే సీటులో కుక్కారు. రెండు ఊళ్ళు దాటేసరికి ముందు సీటువాడు ముక్కు మూసుకున్నాడు. కండక్టరు లేచి గట్టిగా అరిచాడు. "ఎవుడ్రా బస్సులో సుట్ట తాగతన్నాడు?"

సింహాచలం నా వైపు చూసి, తల వంచుకుని అన్నాడు. "తాగినావిడ దిగిపోనాదండి."

కండక్టరు అర్థం కాక వెళ్ళిపోయాడు. సుగుణకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. నాలో ముఖం పెట్టుకుంది. అక్కడి నుంచి విశాఖ దాకా ఆ ముఖం ఎత్తలేదు.

విశాఖలో వాళ్ళది చిన్న వాటా. ఉన్న ఒక్క గదిలోనే ఒక మూల గ్యాస్ పొయ్యి, ఒక మూల మంచం. కిటికీ తెరిస్తే రోడ్డు దుమ్ము వస్తుందని మూసే ఉంచేవాళ్ళు. సుగుణ నన్ను రేకు పెట్టెలో పెట్టింది. ఉతకలేదు, ఎండలో వెయ్యలేదు. మధ్యాహ్నం పిల్ల నిద్రపోయాక పెట్టె తెరిచి, నా మడతల్లో ముక్కు పెట్టి, కళ్ళు మూసుకునేది. ఆ కాసేపు ఆమె ఎవరి తల్లీ కాదు. మళ్ళీ పెట్టె మూసి, లేచి బియ్యం కడిగేది.

లిఖిత బడికి వెళ్ళే వయసొచ్చి వేరే పడుకోవడం మొదలుపెట్టినప్పుడు, చీకట్లో భయమేస్తోందంది. సుగుణ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నన్ను తీసి పిల్ల కింద పరిచింది. "ఇది అమ్మమ్మ. ఇక నీకు భయం లేదు," అంది.

పొగ గురించి మనుషులకు ఒక భ్రమ ఉంది. చుట్ట ఆరితే పొగ పోయిందనుకుంటారు. అది పోదు. పోగుల్లో ఇంకుతుంది. గది వేడెక్కితే, గాలిలో తేమ పెరిగితే, ఎవరైనా ఒత్తిగిల్లితే మెల్లగా లేచి బయటకు వస్తుంది. వచ్చి గోడకో, దిండుకో, పిల్ల జుట్టుకో అంటుకుంటుంది. మళ్ళీ లేస్తుంది. ఉద్దానంలో సముద్రపు గాలి దాన్ని ఎప్పటికప్పుడు తోటల మీదుగా తోసేసేది. ఈ గదిలో గాలికి వెళ్ళే చోటు లేదు. కదలని గాలిలోకి గ్యాస్ పొయ్యి నీలిమంట నుంచి కంటికి కనబడని పుల్లటి ఆవిరి ఒకటి వచ్చేది. అన్నం ఉడికే తేమతో కలిసి అది పల్చటి ఆమ్లమయ్యేది. ఆ ఆమ్లం వచ్చి నా పోగుల మీది నికోటిన్‌ను తాకేది. చప్పుడు ఉండదు, వెలుగు ఉండదు. కాసేపటికి అక్కడ ఉన్నది మాత్రం నికోటిన్ కాదు, దాలమ్మ నోట్లో ఎన్నడూ లేని ఇంకేదో. ఎండ మండే వేళల్లో రోడ్డు మీది బళ్ళ పొగలోంచి పుట్టిన ఓజోన్ కిటికీ సందుల్లోంచి దూరి, మిగిలినవాటిని విరగ్గొట్టి, ఊపిరితో పాటు అడుగుదాకా దిగిపోయేంత సన్నటి ధూళి చేసేది.

ఇదంతా నాలో జరుగుతున్నప్పుడు నాకు నొప్పి లేదు. ఒక జ్ఞాపకం ఇంకొకటిగా మారిపోతున్నప్పుడు మనుషులకు కూడా నొప్పి ఉండదనుకుంటాను. మారిందని తెలిసినప్పుడే ఉంటుంది.

దాలమ్మ వాసన తగ్గుతూ వచ్చింది. దాలమ్మది కానిది పెరుగుతూ వచ్చింది. కొత్తగా పుట్టినదానికి వాసన లేదు. అందుకే సుగుణ ముక్కుకు తగ్గడం తెలిసేది, పెరగడం తెలిసేది కాదు.

లిఖితకు దగ్గు పట్టుకుంది. మొదట చలికాలమన్నారు, తర్వాత ఐస్‌క్రీమన్నారు. ఒక వానపొద్దున పిల్ల ఊపిరి పిల్లనగ్రోవిలా కూసింది. మెడ దగ్గర గుంట లోపలికి లాగుతోంది. సింహాచలం పిల్లను నాతో సహా ఎత్తుకుని ఆటో ఎక్కాడు. అలా నేను కూడా డాక్టరు గదిలోకి వెళ్ళాను.

డాక్టరమ్మ పిల్ల ముఖానికి మందు ఆవిరి పట్టించి, వీపు మీద గొట్టం పెట్టి విని, తర్వాత పిల్ల జుట్టు దగ్గరకు వంగింది.

"ఇంట్లో పొగ ఎవరు తాగుతారు?"

"ఎవరూ తాగరండి," అంది సుగుణ.

డాక్టరమ్మ సింహాచలం వైపు తిరిగింది. అతను ఆ చూపు కోసం జీవితమంతా సిద్ధమై ఉన్నవాడిలా నోరు బార్లా తెరిచాడు. "సూడండి మేడమ్. నా నోరు వాసన సూడండి. పుట్టి బుద్దెరిగి ముట్టలేదు."

"మీ నోరు నాకెందుకయ్యా, మూయండి."

నర్సు నవ్వు ఆపుకోలేక బయటకు వెళ్ళింది. డాక్టరమ్మ చూపు నా మీద పడింది. నా కొస ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది ఎవరిది?"

"మా అమ్మదండి," అంది సుగుణ.

"ఆవిడ మీతోనే ఉంటారా?"

ఊపిరి కాస్త తెరిపిన పడ్డ లిఖిత ముసుగు గొట్టం వెనక నుంచి చెప్పింది. "అమ్మమ్మ చచ్చిపోయింది. ఈ బొంతలో ఉంటుంది."

డాక్టరమ్మ నా కొస వదిలేసింది. ఆ తర్వాత గొంతు కొంచెం తగ్గించి మాట్లాడింది. "చూడమ్మా. పొగ తాగినవాళ్ళు పోయినా పొగ పోదు. గుడ్డల్లో ఉండి గాలితో కలిసి ఇంకా చెడ్డగా మారుతుంది. మీకు వాసన రాకపోయినా పాపకు లోపలికి పోతుంది. వేడినీళ్ళలో సోడా వేసి బాగా ఉతకండి. లేదంటే పారేయండి. కిటికీ తెరిచి ఉంచండి."

ఇంటికి రాగానే సింహాచలం బక్కెట్టు తెచ్చాడు. సుగుణ అతని చేతిలోంచి నన్ను లాక్కుంది. పాలిథిన్ కవరులో చుట్టి, పెట్టెలో పెట్టి, పెట్టె మీద కూర్చుంది.

"పిల్లకంటే ఎక్కువేటే?" అన్నాడు.

"పిల్ల దగ్గరెట్టను గదా బావా. పెట్టెలో ఉంటాది. పెట్టెలో ఉన్న మా అమ్మ నీకేటి సేసింది?"

"నాకేటీ సెయ్యలేదే. నన్నెత్తుకు పెంచింది," అని సింహాచలం బక్కెట్టు బోర్లించి బయటకు వెళ్ళిపోయాడు.

కిటికీ తెరిచారు. పిల్లకు దగ్గు తగ్గింది. పెట్టెలో చీకటి. పాలిథిన్ కవరు లోపల నేనూ నా పొగా తప్ప ఎవరూ లేరు. ఎదురుచూడడం అనే పని నేను అక్కడే నేర్చుకున్నాను. మధ్యాహ్నం సుగుణ అడుగుల చప్పుడు దగ్గరకు వచ్చి, పెట్టె దగ్గర ఆగి, తిరిగి వెళ్ళిపోయేది. పిల్ల కోసం తనను తాను ఆపుకుంటోంది. ఆపుకున్న కొద్దీ ఆ అడుగులు ఎక్కువసేపు నిలబడేవి.

చివరికి ఒక మధ్యాహ్నం పెట్టె తెరిచింది. కవరు విప్పి, కొసలోనూ నడుమనూ, మడత మడతకూ ముక్కు పెట్టి వెతికింది. మసిపట్టిన పాతగుడ్డ చేదు తప్ప ఏమీ తగల్లేదు. తల్లి లేదు. నన్ను రెండు చేతులా పట్టుకుని కుదిపింది, ఎవర్నో నిద్రలేపుతున్నట్టు. నాకు గొంతు ఉంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు.

మర్నాడు బజారు నుంచి చుట్టలు తెచ్చింది. తలుపు వేసి, ఒకటి వెలిగించి, పొగను నా మీదికి ఊదింది. పొగ వచ్చింది గాని దాలమ్మ రాలేదు. సుగుణ చాలాసేపు ఆ చుట్టను చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చుంది. ఆమెకు అప్పుడు అర్థమైంది. తను వెతుకుతున్నది చుట్ట వాసన కాదు. నిప్పు అమ్మ నోట్లో కాలి, అమ్మ ఉమ్మితో తడిసి, అమ్మ ఊపిరితో బయటకు వచ్చిన వాసన. దానికి అమ్మ నోరు కావాలి. అమ్మ నోటికి అన్నిటికంటే దగ్గరి నోరు లోకంలో ఒక్కటే ఉంది.

చుట్టను తిప్పి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుంది.

మొదటిరోజు నాలుక కాలింది. రెండోరోజు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మూడోరోజు నిప్పును దవడకు నెట్టడం ఆమె నాలుకకు దానంతటదే వచ్చింది. ఎవరూ నేర్పకుండానే. ముక్కులోంచి పొగ వదులుతూ నా మీదికి వంగింది. దాదాపు అదే వాసన. ఆ "దాదాపు" అనేదే ఆమెను రేపటికీ ఎల్లుండికీ లాక్కెళ్తుందని నాకు తెలుసు. ఆకలిగొన్నవాళ్ళు తిన్నట్టు నేనూ ఆ పొగను తిన్నాను. దాచడమెందుకు, నాకూ దాలమ్మ కావాలి.

ఆ రోజు తుపాను హెచ్చరిక ఉందని బడి ముందే వదిలేశారు. లిఖిత తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. తల్లి మూసిన పెదవుల వైపు, ముక్కులోంచి వస్తున్న పొగ వైపు నోరు తెరిచి చూసింది.

"అమ్మా! నీ నోట్లో పొయ్యి ఉందా?"

పిల్ల పకపకా నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. దగ్గు ఆగలేదు. మెడ దగ్గర గుంట లోపలికి లాగింది. సుగుణ మాట్లాడబోయింది, నోట్లో నిప్పు. అరచేతిలోకి ఉమ్మింది, చెయ్యి కాలింది, ఆ చేత్తోనే డాక్టరమ్మ ఇచ్చిన పీల్చే మందు తీసి పిల్ల నోటికి పెట్టింది. పిల్లను ఎత్తుకుని గుమ్మం బయటకు, వానగాలిలోకి పరుగెత్తింది. నేను లోపలే పడి ఉన్నాను. తెరిచిన తలుపులోంచి వాళ్ళు కనిపిస్తూనే ఉన్నారు.

కొంతసేపటికి పిల్ల ఊపిరి కుదుటపడింది. లిఖిత తల్లి ఒళ్ళో తల పెట్టుకుని అడిగింది. "అమ్మమ్మ కూడా ఇలాగే తాగేదా?"

"ఊఁ."

"లోపల కాలదా?"

సుగుణ కాలిన అరచేతిని వానలోకి చాపింది.

"నేను పెద్దయ్యాక నాకూ నేర్పిస్తావా?"

సుగుణ పిల్లను పక్కింటి గుమ్మంలో కూర్చోబెట్టి లోపలికి వచ్చింది. మిగిలిన చుట్టలు నీళ్ళతొట్టిలో ముంచి చెత్తలో వేసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తుపాను దారి మళ్ళి, ఎండ వచ్చాక నన్ను మేడ మీదికి మోసుకెళ్ళింది. పెద్ద తొట్టిలో వేడినీళ్ళు పోసి బట్టల సోడా కలిపింది. సింహాచలం ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, తొట్టిలోకి దిగి, నన్ను తొక్కడం మొదలుపెట్టాడు. లిఖితను కింద మెట్ల దగ్గరే ఉండమన్నారు.

నీళ్ళు టీ డికాక్షన్ రంగుకు తిరిగాయి. సోడా నా కుట్ల లోపలికి, చీరకూ చీరకూ మధ్య గాలి ఎన్నడూ చేరని చోట్లకు దిగింది. అక్కడ ఏదో విడిపోయింది. అది అక్కడ మిగిలి ఉందని నాకే తెలియదు. ఆవిరిలో లేచింది. చుట్ట, జీడినూనె, ఉమ్మి, తలకు రాసుకున్న కొబ్బరినూనె, అరుగు మీది మధ్యాహ్నం, అంతా ఏమాత్రం మారకుండా.

సింహాచలం కాళ్ళు ఆగిపోయాయి. "అత్త," అన్నాడు.

"ఆగు బావా," అంది సుగుణ. అతను అప్పటికే ఆగి ఉన్నాడు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ముఖాన్ని ఆవిరిలో పెట్టింది. ఇన్నేళ్ళూ వెతికింది ఇదే. రెండు చేతులూ నీళ్ళలోకి వెళ్ళి నన్ను గట్టిగా పట్టుకున్నాయి. ఆ క్షణంలో ఆమె నన్ను పైకి లాగి, నీడన ఆరేసి ఉంటే, అందులో ఎంతో కొంత నాలో నిలిచి ఉండేది. ఆమె చేతులకు ఆ సంగతి తెలుసు. నాకూ తెలుసు. లాగమని కోరుకున్నాను.

"అమ్మా, నేను రావచ్చా?" కింద నుంచి లిఖిత అరిచింది.

"అప్పుడే వద్దమ్మా," అంది సుగుణ. ఇంకొక్కసారి, కడుపు దాకా, పీల్చింది. చేతులు వదిలేసింది.

"తొక్కు బావా," అంది.

అతను తొక్కాడు. ఆ నీళ్ళు పారబోసి కొత్తనీళ్ళు పోశారు. అవీ రంగు తిరిగితే మళ్ళీ పోశారు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని నన్ను పిండారు. మేడ తూములోంచి గోధుమరంగు నీళ్ళు వీధి కాలవలోకి పోతూనే ఉన్నాయి. పోతున్నంతసేపూ సుగుణ ఆ నీళ్ళనే చూసింది. అవి తేటపడ్డాక లేచి, మెట్ల వైపు తిరిగి, "రా," అంది.

ఇప్పుడు నేను లిఖిత కింద పరుపు మీద ఉంటాను. కిటికీ తెరిచే ఉంటుంది. నాలో దాలమ్మ లేదు. ఒక వాసన ఉండేదని తెలుసు గాని, అది ఎలా ఉండేదో నాకిప్పుడు గుర్తు రావడం లేదు. కల వచ్చిందని తెలిసీ ఆ కలేమిటో గుర్తు లేనట్టు. పిల్ల ఊపిరి నా మీద మెత్తగా పడుతుంది, లేస్తుంది, ఎక్కడా ఆగదు. అది వింటూ పడి ఉంటాను.

మధ్యాహ్నాలు సుగుణ వచ్చి నా పక్కన కూర్చుంటుంది. నన్ను దులిపి, సరిచేసి, అరచేత్తో నిమురుతుంది. ముఖం మాత్రం దగ్గరకు తీసుకురాదు. వాసన చూస్తే ఏమీ ఉండదని ఆమెకు తెలుసు. చూడనంతవరకు ఉన్నట్టే.